గొట్టంలో పట్టని బిళ్ళ

మా డైరెక్టర్ దేవీప్రసాద్ గారికి పని మీద కంటే ఫ్లెక్సీ మీద నమ్మకం ఎక్కువ. మా కేంద్రానికి ఫర్నేసు రాకముందే ఫ్లెక్సీ వచ్చింది. దాని మీద ఆయన నిలువెత్తు ఫొటో, ఆయన వేలి చివరినుంచి పుట్టుకొచ్చినట్టు ఒక ఎర్రటి లేజర్ కిరణం, కింద థింసా ఆడుతున్న ఆడవాళ్ళ వరస. ఆ ఆడవాళ్ళెవరో అరకులో ఎవరికీ తెలీదు. వాళ్ళు చీర కట్టుకున్న తీరు కూడా మాది కాదు. ఆ మాట ఎవరో అంటే, "కల్చర్ కనబడితే చాలయ్యా, చీర ఎవరు చూస్తారు" అన్నారాయన.

లేజర్లకి పనికొచ్చే పదార్థాలు తయారుచెయ్యడం మా కేంద్రం పని. రైలు పట్టాల పక్కనున్న పాత కాఫీ గోదాముని బాగుచేసి అందులో పెట్టారు. ఇక్కడే ఎందుకంటే చల్లటి వాతావరణం, దుమ్ములేని గాలి అని ఆయన ప్రతి మీటింగులోనూ చెబుతారు. గిరిజన ప్రాంతంలో పెడితేనే ఆ నిధులు వస్తాయన్న సంగతి మీటింగు అయిపోయాక, టీ తాగుతూ చెబుతారు. నేను టీ అందిస్తూ విన్నాను.

నేను ఆశ్రమ పాఠశాలలో చదివి, ఇంటర్ అయ్యాక ఇక్కడ హెల్పర్‌గా చేరాను. గాజు గొట్టాలు కడగడం, కోసిన బిళ్ళల్ని అద్దంలా నునుపు చెయ్యడం, వచ్చినవాళ్ళకి టీ ఇవ్వడం నా పని. పెద్దగా మాట్లాడను. మాట్లాడని మనిషి ఎదురుగా ఉంటే కుర్చీ ఉన్నట్టే అనుకుని జనం అన్నీ మాట్లాడేసుకుంటారు.

మేం చేసేది నాకు తెలిసినంతలో చెబుతాను. గాలియం, ఆంటిమొని అనే రెండిటిని క్వార్ట్జ్ గొట్టంలో వేసి, గాలి తీసేసి, మూతి కరిగించి మూసేస్తాం. దాన్ని నిలువు ఫర్నేసులో వేలాడదీస్తాం. పైభాగం బాగా వేడి, కిందిభాగం తక్కువ వేడి. గొట్టాన్ని గడియారంలో గంటల ముల్లు కదిలినంత మెల్లగా కిందికి దించుతూ ఉంటే, కరిగినది అడుగునుంచి పైకి గట్టిపడుతూ వస్తుంది. సవ్యంగా జరిగితే కడ్డీ మొత్తం ఒకే క్రిస్టల్ అవుతుంది. దాన్ని బిళ్ళలుగా కోసి, నునుపు చేసి, గాలి తగలకుండా నైట్రోజన్ నింపిన డబ్బాలో పెట్టాలి. గాలి తగిలితే పైన పొర పట్టేస్తుంది. అలాంటి బిళ్ళ మీద హైదరాబాదులో ఒక లేబ్‌వాళ్ళు సన్నటి పొరలు పేర్చి, గ్యాస్ లీకయితే పసిగట్టే లేజర్ చేస్తారు. చెయ్యాలని అనుకుంటున్నారు. మా దగ్గర్నుంచి మంచి బిళ్ళ వెళితే కదా.

వెళ్ళలేదు. మూడేళ్ళలో ఒక్కటీ వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదో కనిపెట్టింది స్వర్ణ మేడమ్. బొబ్బిలి దగ్గరి పల్లెటూరావిడ. పెద్ద చదువు చదివి, ఈ కాంట్రాక్టు ఉద్యోగానికి వచ్చి, క్రిస్టల్స్ పెంచే పని మొత్తం ఒక్కర్తే చేసేది. కడ్డీని నిలువుగా కోసి యాసిడ్లో ముంచితే పక్కనుంచి పక్కకి సన్నటి అడ్డగీతలు బయటపడేవి. ఒక్కో గీత దగ్గర క్రిస్టల్ దారి తప్పేది, చివరికి ఎటుపడితే అటు ముక్కలుగా పెరిగేది. మేడమ్ ఆ గీతల్ని కిరండోల్ నుంచి ఇనప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు బళ్ళ వేళలతో పోల్చి చూసింది. బండి వెళ్ళిన ప్రతిసారీ నేల అదిరేది, నేలతో ఫర్నేసు అదిరేది, ఒక గీత పడేది. టీ గ్లాసులు గలగలలాడటం ఆ గోదాములో అందరం విన్నాం. దేవీప్రసాద్ గారు గ్లాసుని అరచేత్తో పట్టుకుని మాట్లాడేవారు, అంతే.

ఒక వేసవిలో పట్టాల మీద బండరాళ్ళు జారిపడి కొన్నాళ్ళు బళ్ళు ఆగిపోయాయి. అప్పుడు పెరిగిన కడ్డీ సగందాకా ఒకే క్రిస్టల్. బళ్ళు మొదలైన దగ్గర్నుంచి మళ్ళీ గీతలు. ఆ కడ్డీని మేడమ్ గుడ్డలో చుట్టి బీరువాలో దాచుకుంది. తను చేతకానిది కాదు, ఈ చోటు పనికిరానిది అనడానికి ఆవిడకున్న రుజువు అదొక్కటే. ఫర్నేసుని పట్టాలకి దూరంగా, లోతైన పునాది మీద పెట్టాలని, నిధులిచ్చేవాళ్ళు పంపే ప్రొఫెసర్ రాసే రివ్యూ రిపోర్టులో ఒక్క ముక్క రాయించుకోవాలి. రాస్తే ఫర్నేసు కదులుతుంది. రాయకపోతే ఇంకో మూడేళ్ళు ఆవిడ గీతలే పెంచాలి, ఆ తర్వాత ఎవరూ ఆవిడకి క్రిస్టల్ పెంచే పని ఇవ్వరు.

ఇంతా తెలిసిన మనిషి దేవీప్రసాద్ గారి గదిలోకి వెళితే మాత్రం "సరే సార్" అని బయటికొచ్చేది. పునాది సంగతి అడగడానికి వెళ్ళి, ఫ్లెక్సీ ప్రూఫు దిద్దుకుని వచ్చేది. నాకు ఆయన మీదున్న చులకన ఆయన హోదాకి తగ్గట్టు పెద్దది. మేడమ్ మీద కూడా కొంచెం ఉండేది. దాచడమెందుకు.

రివ్యూకి వారం ముందు కొరియర్లో ఒక డబ్బా వచ్చింది. దేవీప్రసాద్ గారు మేడమ్‌ని పిలిచి, మూత తీసి చూపించారు. లోపల నల్లటి అద్దంలాంటి బిళ్ళ. ఒక్క గీత లేదు. ఏదో విదేశీ కంపెనీది.

"ఇది కొన్నారా సార్?" అంది మేడమ్.

"కొనడమేంటమ్మా. రిఫరెన్స్ శాంపిల్."

"దీన్ని మనం పెంచామని చెప్పాలా?"

"మనం చెప్పక్కర్లేదు. మన టేబుల్ మీద ఉంటుంది. మన పేరు కింద ఉంటుంది. వాళ్ళే అనుకుంటారు. అబద్ధం మనం ఆడలేదు కదా?"

"నా కడ్డీ చూపిస్తే, సార్... ఈ అదురు గురించి..."

"ఆ గీతల కడ్డీయా? పెళ్ళిచూపులకి పిల్ల జాతకంలో దోషాలు ముందు చూపిస్తావా? రెండో విడత శాంక్షన్ కానీ, తర్వాత నీ పునాదులన్నీ తవ్విద్దాం."

"సరే సార్."

బయటికొచ్చాక మేడమ్ ఆ డబ్బాని నా చేతికిచ్చింది, బీరువాలో పెట్టమని. అక్కడ ఖాళీ గొట్టం ఒకటి ఉంది. నేను బిళ్ళ వైపు చూశాను, గొట్టం వైపు చూశాను. మా గొట్టం బొటనవేలికంటే కాస్త లావు. ఆ బిళ్ళ అరచేతిలో సగం ఉంది. మా గొట్టంలో పెరిగిన కడ్డీని ఎలా కోసినా అంత బిళ్ళ రాదు. మేడమ్ కూడా అదే చూస్తోంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆవిడకి నవ్వొచ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది.

"ఆయన చూసుకోలేదంటావా, సోనీ?" అంది.

"ఆయన గొట్టం ఎప్పుడు చూశారు మేడమ్?" అన్నాను.

రివ్యూ రోజు చైత్రమాసంలో, మా ఇటుకల పండగ, అంటే వేట పండగ వారంలో పడింది. రివ్యూకి వచ్చే ప్రొఫెసర్ రవిబాబు గారిని ఘాట్ రోడ్డులో టైడా దగ్గరే ఎదురెళ్ళి తీసుకురావాలని దేవీప్రసాద్ గారు కారు తీయించారు. బొకే పట్టుకోడానికి నేను, ప్రశ్నలడిగితే జవాబు చెప్పడానికి మేడమ్. బిళ్ళ డబ్బా కూడా తెచ్చారు. దారిలోనే చూపిస్తే పెద్దాయన మంచి మూడ్‌లో దిగుతారట. టైడాలో బొకే ఇచ్చి, శాలువా కప్పి, పెద్దాయన్ని మా కారులోకి మార్చారు. శాలువా కప్పుతున్నప్పుడు ఫొటో సరిగ్గా రాలేదని మళ్ళీ తీసి మళ్ళీ కప్పారు. రవిబాబు గారు రెండోసారి కూడా మొదటిసారి పడ్డంత మొహమాటమూ పడ్డారు. ఆయన గురించి నాకు అప్పుడే అర్థమైపోయింది.

అరకు ఇంకా కొంత దూరం ఉండగా మా ఊరి దగ్గర రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు పెట్టి ఆడవాళ్ళు నిలబడ్డారు. ముందర మా కనక అత్త, నాన్నకి అక్క. డ్రైవర్ వరహాలరావు బ్రేకేసి, "ఏటి సేత్తాం సార్, పండగ. ఏదోటి ఇచ్చీదాకా ఒగ్గరు" అన్నాడు.

అదే సమయానికి కొండ మీంచి మగాళ్ళు దిగుతున్నారు. ఈ పండక్కి మగాళ్ళు వేటకి పోతారు. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు పోస్తారు. వట్టినే పొయ్యరు. నిలబెట్టి అడుగుతారు, ఏం కొట్టావు, ఏ కొండ మీద కొట్టావు అని. ఈ రోజుల్లో కొండల మీద కొట్టడానికి ఏమీ లేదు, ఉన్నా కొడితే కేసు. అందుకని కొందరు గడుసువాళ్ళు సంతలో కోడిని కొని, వేటలో దొరికిందని తెస్తారు. అలాంటివాళ్ళకి ఇంకో కుండ ఎక్కువ.

అత్త మొగుడు ఫల్గుణ మావ ఎర్రటి పుంజుని ఎత్తి పట్టుకుని వచ్చాడు.

"ఏటి తెచ్చావు?" అంది అత్త.

"అడివి కోడి."

"అడివి కోడికి కాలికి తాడేటి?"

"ఉచ్చులో పడిందే."

"నైలాను ఉచ్చా? మంగళారం సంతలో కోళ్ళకి కట్టే తాడు గదేటి ఇది! రంగు కూడా అదే!"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. "పోనీ ఏ కొండ మీద పట్టావు సెప్పు" అని ఒకామె అడిగింది. మావ ఏదో కొండ పేరు చెప్పాడు. "ఆ కొండ మీద మంగళారం సంత పెట్టినారా?" అంది ఇంకొకామె. మావ ఇక పుంజుని పక్కవాడి చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. అత్త కుండెడు పేడనీళ్ళు నెత్తిమీంచి పోసింది. మావ మొహం తుడుచుకుని నవ్వాడు. అందరూ నవ్వారు. అక్కడితో అయిపోయింది. మర్నాడు ఆయన మళ్ళీ కొండెక్కుతాడు.

రవిబాబు గారు కారు అద్దం దించి వీడియో తీస్తున్నారు. "ఎథ్నిక్! వెరీ ఎథ్నిక్! ప్రసాద్ గారూ, ఇది చూడటానికే రావాలండీ."

దేవీప్రసాద్ గారికి ఉత్సాహం ఆగలేదు. అత్త కారు దగ్గరికొచ్చి, "మీరేటి తెచ్చారు బాబూ వేట?" అని మామూలుగా అందర్నీ అడిగినట్టే అడిగింది. ఆయన నా ఒళ్ళోంచి డబ్బా లాక్కుని, మూత తీసి, అద్దంలోంచి బయటికి ఎత్తి చూపించారు.

"ఇదిగోనమ్మా మా వేట! ప్రపంచంలోనే గొప్ప వేట! మీ అరకులోనే కొట్టాం!"

"ఇంతే? బిళ్ళంత?" అంది అత్త. "ఎవులు కొట్టినారు?"

"మా స్వర్ణ కొట్టింది. సింహం! చెప్పమ్మా స్వర్ణా, దిగి చెప్పు. సార్ వీడియో తీస్తారు."

మేడమ్ దిగింది. ఎప్పట్లాగే "సరే సార్" అనే దిగింది. అత్త ఆవిడ ఎదురుగా నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. మేడమ్ ఎవరో అత్తకి తెలీదు. అత్తకి అది ఆటే.

"నువ్వా కొట్టింది గుంటా? ఏ కొండ మీద?"

మేడమ్ కారులోని డబ్బా వైపు చూసింది. ఆడవాళ్ళు మూగి చూస్తున్నారు. ఫల్గుణ మావ గడ్డం మీంచి ఇంకా పేడనీళ్ళు కారుతున్నాయి.

"సెప్పవేటి? ఎక్కడ దొరికింది?"

"ఎక్కడా కొట్టలేదు" అంది మేడమ్ గట్టిగానే. "కొన్నాం."

ఆడవాళ్ళందరూ ఒకేసారి కేకలు. "కొన్నారంట! ఈళ్ళూ కొన్నారంట! కారేసుకొచ్చి మరీ కొన్నారంట!" అత్త చేతిలోకి ఇంకో కుండ వచ్చింది. కొన్నామని అంత తిన్నగా ఒప్పుకున్న మనిషి ఆ పండగలో ఇంతవరకూ లేదు కాబోలు, అత్త క్షణం తటపటాయించింది. మేడమే కళ్ళజోడు తీసి, తల కొంచెం వంచింది. అత్త పోసింది. ఆకుపచ్చటి నీళ్ళు జుట్టు మీంచి, ఇస్త్రీ చీర మీంచి కారాయి. కారు కిటికీలోంచి దేవీప్రసాద్ గారి తెల్ల చొక్కా మీద కూడా కాసిని పడ్డాయి. ఆయన కెవ్వుమన్నారు. మేడమ్ కెవ్వుమనలేదు.

"కొన్నారా?" అన్నారు రవిబాబు గారు, ఫోన్ దించుతూ.

"జోకు సార్!" అన్నారు దేవీప్రసాద్ గారు జేబురుమాలుతో చొక్కా రుద్దుకుంటూ. "మా స్వర్ణకి సెన్సాఫ్ హ్యూమర్ ఎక్కువ. లోకల్స్‌తో కలిసిపోతుంది."

రవిబాబు గారు మేడమ్ వైపు చూశారు. చూసి, "బావుంది, బావుంది" అన్నారు. అద్దం పైకెత్తుకున్నారు. నిజం చెవిలో పడ్డాక కూడా అంత హాయిగా కూర్చోగల మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

కేంద్రంలో టేబుల్ మీద తెల్ల గుడ్డ పరిచి ఉంది. దాని మీద బిళ్ళ, బిళ్ళ ముందర 'అరకు క్రిస్టల్' అని అట్ట. అటు ఫర్నేసు, ఇటు గొట్టాల వరస. మేడమ్ మొహం కడుక్కుని వచ్చింది, జుట్టు ఇంకా తడిగానే ఉంది. దేవీప్రసాద్ గారు ఆవిడని లోపలికి రావద్దన్నట్టు కళ్ళతోనే సైగ చేశారు. ఆవిడ వచ్చింది. బీరువా తీసి, గుడ్డలో చుట్టిన కడ్డీని తెచ్చి బిళ్ళ పక్కన పెట్టింది.

"ఇది మేం పెంచింది సార్" అంది. "ఇంతవరకూ బాగుంది. ఇక్కణ్ణుంచి గూడ్సు బళ్ళు మొదలయ్యాయి. ఈ గీతలన్నీ నేల అదురువే. ఫర్నేసుని ఇక్కణ్ణుంచి కదపాలి. మీరు ఆ ముక్క రాస్తే చాలు."

"స్వర్ణా, సార్ అలిసిపోయారు" అన్నారు దేవీప్రసాద్ గారు. "ఈ బిళ్ళ చూడండి సార్, ఏ గీతా లేదు. అదురే ఉంటే ఇది ఎలా వస్తుంది?"

అప్పుడు మేడమ్ ఆ బిళ్ళ తీసింది. గొట్టం ఒకటి నిలబెట్టి దాని మూతి మీద పెట్టింది. బిళ్ళ లోపలికి పోలేదు. గ్లాసు మీద పెట్టిన సాసర్‌లా పైన కూర్చుంది.

గదిలో ఉన్నవాళ్ళందరూ చూశారు. రవిబాబు గారు ముందుకి వంగి మరీ చూశారు. ఆయన చదువుకున్నవాడు, ఎన్నో దేశాలు తిరిగినవాడు, క్రిస్టల్స్ మీద పుస్తకాలు రాసినవాడు. పసిపిల్లకి తెలిసేది ఆయనకి తెలియదనుకోను. దేవీప్రసాద్ గారి మొహం మాత్రం మొదటిసారి తెల్లబోయింది. పాపం, ఆయన నిజంగానే గొట్టం ఎప్పుడూ చూడలేదు.

రవిబాబు గారు నిటారుగా లేచారు.

"లంచ్ ఎక్కడ పెట్టించారు?" అన్నారు.

లంచ్ రిసార్టులో. బొంగులో చికెన్. ఆయన రెండుసార్లు వేయించుకున్నారట, వరహాలరావు చెప్పాడు. వెళ్ళేటప్పుడు కాఫీ గింజల పాకెట్లు, తేనె సీసాలు డిక్కీలో పెట్టించుకున్నారు. రిపోర్టు పది రోజులకి వచ్చింది. పురోగతి సంతృప్తికరం. ఇదే ఆవరణలో ఇంకో మూడు ఫర్నేసులు పెట్టాలని సిఫారసు. పునాది గురించి ఒక్క ముక్క లేదు. స్టాఫ్‌కి క్రమశిక్షణ, ప్రోటోకాల్ నేర్పాలని ఒక ముక్క ఉంది.

మేడమ్ కాంట్రాక్టు పొడిగించలేదు. ఆవిడ వెళ్ళిపోయే రోజు కడ్డీ గురించి దేవీప్రసాద్ గారిని అడిగింది. "ఆ చెత్తా? తీసుకుపో అమ్మా, బీరువా ఖాళీ అవుతుంది" అన్నారు. ఆ రోజు ఆవిడ "సరే సార్" అనలేదు, కడ్డీని చున్నీలో చుట్టి బేగులో పెట్టుకుంది. స్టేషన్‌కి నేను వెళ్ళాను. నేను అనుకున్నదొకటి ఆవిడకి చెప్పాలనుకున్నాను, మీ మీద నాకున్న చులకన పేడనీళ్ళతో పోయింది అని. చెప్పలేదు. సామాను ఎక్కించాను. ఆవిడ హైదరాబాదు లేబ్‌కి ఆ కడ్డీ తీసుకువెళితే వాళ్ళు గీతలు చూసి, బళ్ళ గురించీ నేల గురించీ మధ్యాహ్నం మొత్తం అడిగారట. మూడేళ్ళలో తనని ఎవరైనా అడగడం అదే మొదటిసారని ఫోన్లో చెప్పింది. మంచి సగం కోసి బిళ్ళలు చేసుకున్నారు. పొరలు నిలిచాయట. పని అక్కడే ఇచ్చారు.

ఇక్కడ మూడు కొత్త ఫర్నేసులూ దిగాయి. కొన్న బిళ్ళని ఫ్రేము కట్టించి దేవీప్రసాద్ గారి గదిలో గోడకి పెట్టారు. మేడమ్ పోస్టులో ఎవరూ చేరలేదు. ఒక సోమవారం ఆయన నన్ను పిలిచారు.

"సోనీ, నీకు స్విచ్‌లన్నీ తెలుసు కదా?"

"తెలుసు సార్."

"మరింకేం. స్వర్ణ ఏదో బ్రహ్మవిద్య అన్నట్టు పోజు కొట్టేది. నువ్వే ఆన్ చేసెయ్." కుర్చీలో వెనక్కి వాలి, గోడ మీది ఫ్రేము చూపించారు. "వచ్చే రివ్యూకి ఇలాంటివి ఇంకో నాలుగు కావాలి. ఇదే సైజు, ఇదే నునుపు. ఎన్నాళ్ళు పడుతుంది?"

పట్టాల మీద గూడ్సు బండి వెళుతోంది. అది వెళ్ళిపోయేదాకా ఆగాను, నా మాట ఆయనకి సరిగ్గా వినబడాలని.

"ఎక్కడ కొన్నారో చెప్పండి సార్" అన్నాను. "బేగి అయిపోద్ది."